ఇంటి సైన్స్: పత్తిమొగ్గ పరీక్ష

పోయిన వారం యమున టీచర్ని గోవిందు ఇంటి గడప ముందు, చెప్పులు విప్పాలో వెనక్కి తిరిగి పోవాలో తేల్చుకోలేని స్థితిలో వదిలేసి వచ్చాం. వారం రోజులు ఒక మనిషిని ఎండలో నిలబెట్టడం న్యాయం కాదు. కొత్తగా ఈ కథలోకి వచ్చినవారికి నాలుగు మాటలు చెప్పి, ఆమెను లోపలికి తీసుకుపోదాం.

యమున సొంతూరు గోపాల్‌పేట, ఇప్పుడు ఉండేది గద్వాల. ఇటిక్యాల మండలంలోని ఈ చిన్న ఊరి ప్రాథమిక బడికి టీచరుగా వచ్చి రెండేళ్లయింది. బడిలో సైన్సు సామాను అని చెప్పుకోవడానికి అంచు విరిగిన భూతద్దం ఒకటే ఉంది. ప్రభుత్వం పంపుతుందని కూర్చుంటే పిల్లలు పెళ్లీడుకొస్తారు. అందుకని ఆమె ప్రతి శనివారం ఇంట్లో దొరికే వస్తువులతో చేసే పని ఒకటి ఇచ్చేది. పసుపు పూసిన కాగితం మీద సబ్బునీళ్ల చుక్క వేసి రంగు చూడండి. ఉప్పునీళ్లలో గుడ్డు వేసి తేలుతుందో మునుగుతుందో చూడండి. తడిగుడ్డలో పెసలు మూటకట్టి, ఎన్నో రోజున మొలకొచ్చిందో రాయండి. పిల్లలే దానికి 'ఇంటి సైన్స్' అని పేరు పెట్టుకున్నారు. నియమం ఒక్కటే. చూసింది రాయాలి, చూడనిది రాయొద్దు.

మూడు వారాల కింద ఇచ్చిన పని పువ్వు భాగాలు విడదీసి కాగితానికి అంటించడం. అందరూ మందార పువ్వులు తెచ్చారు, సగం నలిగి, సగం చిరిగి. నాలుగో తరగతి అమూల్య పత్తిపూలు తెచ్చింది. ఒకటి కాదు, ఆరు. రేకులు ఒక పక్క, కేసరాలు ఒక పక్క, మధ్యలో పిందె మీద నిలబడిన కీలం. ఒక్కదానికీ గోటి గీత పడలేదు. యమున మురిసిపోయి, పిల్ల చేతులు కూడా పడేటట్టు ఫొటో తీసి, 'మా నాలుగో తరగతి బంగారు వేళ్లు' అని రాసి టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

ఆ ఫొటో ఏ ఏ ఫోన్లు తిరిగిందో గానీ, పదో రోజుకు విత్తన కంపెనీ వాళ్ల చేతిలో తేలింది. కంపెనీల విత్తనం కోసం సీడు పత్తి పండించే ఈ నేల మీద తొమ్మిదేళ్ల పిల్ల పత్తిమొగ్గను అంత శుభ్రంగా విప్పిందంటే దాని అర్థమేమిటో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. పిల్లలతో పని చేయిస్తే విత్తనం కొనేది లేదని ముందే రాయించుకున్న కాగితం మీద గోవిందు సంతకం ఉంది. చేనులో పని ఆపమన్నారు. ఆ రోజు నుంచి అమూల్య బడికి రావడం లేదు. ఇవాళ్టికి అయిదు రోజులు.

ఇదీ సంగతి. ఇక యమునను లోపలికి పోనిద్దాం.

సాయంత్రం నాలుగున్నర. ఈ వేళప్పుడు ఊళ్లో ఏ ఇంటికి పోయినా తాళమో గొళ్లెమో కనిపిస్తుంది. రేపు విచ్చుకోబోయే మొగ్గల్ని ఇవాళ సాయంత్రమే విప్పి, అందులోని మగ కేసరాలు గిల్లేసి, కీలానికి ఎర్ర కాగితం తొడగాలి. మర్నాడు పొద్దున మగ చెట్టు పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. క్రాసింగ్ అంటే అదే. మొగ్గ ఒక పూట ఆగమంటే ఆగదు కాబట్టి ఊరు ఊరంతా చేలల్లో ఉంటుంది. గోవిందు ఇంట్లో మాత్రం నలుగురికి నలుగురూ ఇంట్లోనే ఉన్నారు. చావు జరిగిన ఇంట్లో తప్ప ఈ కాలంలో అట్లా ఉండరు.

"రా బిడ్డా, లోపలికి రా. గాడ ఇడిస్తె చెప్పులు కాలుతయి, లోపలనే ఇడువు," అంది గోవిందు తల్లి సుభద్రమ్మ. తిడుతుందనుకుని గుండె దిటవు చేసుకుని వచ్చిన యమునకు ఆ మర్యాద చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

సుభద్రమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. గోవిందు గోడవైపు తిరిగి, బియ్యం సంచిలోకి గిన్నెలు సర్దుతున్నాడు. అతని భార్య జయశ్రీ పొయ్యి దగ్గర చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది. అమూల్య తలుపు చాటు నుంచి ఒక కన్ను మాత్రం బయటపెట్టి చూసింది. టీచర్ చూడగానే ఆ కన్ను కూడా లోపలికి పోయింది.

"ఎటు పోతున్నరన్నా?" అంది యమున, గిన్నెల సంచి చూస్తూ.

"బెంగుళూరు. మేస్త్రీతోని మాట్లాడిన. సోమవారం బండి ఎక్కాల్నట."

"మరి అమూల్య?"

"ఆడ ఏమన్న బడి ఉంటె సదువుతది. లేకుంటె ఇటుకలు అందిస్తది. గాడ ఎవ్వరు ఫొటోలు తియ్యరులే."

యమున దారి పొడవునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ పనికొచ్చేటట్టు లేవు. "నా వల్లనే అయింది గిదంతా," అంది చివరికి. "మీ చేను మీదికి వస్తదని నాకు తెల్వదన్నా. పిల్ల మంచిగ చేసిందని సంబురపడి పెట్టిన."

గోవిందు అప్పుడు తిరిగి చూశాడు. "తెల్వదంటరేంది టీచరమ్మా? రెండేండ్ల సంది ఈ ఊర్లె తిరుగుతుండ్రు. పగటీలి మా పిల్ల పుస్తకం మీద తలపెట్టి పండుకుంటె, ఎందుకు పండుకుంటున్నవని ఎప్పుడన్న అడిగిండ్రా?"

అడిగింది. "రాత్రి టీవీ చూసినవా" అని అడిగింది. పిల్లలందరి ముందు అడిగి నిలబెట్టింది కూడా. అమూల్య అవునని తలూపింది. ఈ ఇంట్లో టీవీ లేదని యమున ఇప్పుడే చూస్తోంది.

అది తప్పేనని ఆమెకు తెలుసు. కానీ మనుషులు తమ తప్పు కనబడగానే ఎదుటివాళ్ల తప్పు కోసం వెతుకుతారు. టీచర్లు మరీను. "సరే, నాది తప్పే," అంది యమున, గొంతు కొంచెం లేపి. "మరి మీరు? తొమ్మిదేండ్ల పిల్లను పొద్దున అయిదింటికి లేపి చేనుకు తోలుకపోతరా? ఇంట్ల ఇద్దరు పెద్దోళ్లు లేరా? జయశ్రీ, నువ్వు తల్లివి గదా. నీ చేతులేమైనయి?"

సుభద్రమ్మ కళ్లు దించుకుంది. గోవిందు భార్య వైపు చూశాడు. జయశ్రీ చేతులు కొంగులోంచి తియ్యలేదు.

తలుపు చాటు నుంచి అమూల్య వచ్చింది. చేతిలో పోయినేడాది నోటుపుస్తకం, మూడో తరగతిది, అట్ట ఊడిపోయింది. మధ్యలో ఒక పేజీ తెరిచి, యమున ముందు నేల మీద పెట్టి, మళ్లీ రెండడుగులు వెనక్కి జరిగింది.

ఆ పని యమునకు గుర్తుంది. తాకి తెలుసుకోవడం. ఇంట్లోవాళ్ల కళ్లకు గుడ్డ కట్టి, అరచేతిలో ఒక్కొక్క వస్తువు పెట్టి, వేళ్లతో తడిమి ఏమిటో చెప్పమనాలి. పిల్లలకు ఆటలాగా ఉంటుంది. ఆ వారం ఊరంతా నవ్వులేనని ఎవరో చెప్పారు కూడా.

పేజీలో గుండ్రటి అక్షరాలు.

'నాయినమ్మ. శనగ గింజ. చెప్పింది. నాయినమ్మ. రాళ్ల ఉప్పు. చెప్పింది. నాయిన. దారం. చెప్పిండు. అమ్మ. శనగ గింజ. ఏం లేదు అన్నది. అమ్మ. రాళ్ల ఉప్పు. ఏం లేదు అన్నది. అమ్మ. దారం. ఇంకా పెట్టలేదా అని అడిగింది. నేను అమ్మ వేలికి సూది గుచ్చిన. అమ్మ నవ్వుకుంటనే ఉంది.'

దాని కింద ఎర్ర సిరాతో 'వెరీ గుడ్' అని ఉంది. పక్కన ఒక నక్షత్రం. ఆ చేతిరాత యమునదే.

ఆమెకు ఆ సాయంత్రం కూడా గుర్తొచ్చింది. ముప్పై రెండు పుస్తకాలు, గద్వాల బస్సుకు పది నిమిషాలు. వరసలు సరిగా ఉన్నాయా, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయా అని మాత్రం చూసింది. చూసిందే రాయమని పిల్లలకు చెప్పింది గానీ, రాసింది తాను చదవాలన్న నియమం పెట్టుకోలేదు. తొమ్మిదేళ్లు కూడా నిండని పిల్ల తన ఇంట్లో జరుగుతున్న ఘోరాన్ని ఉన్నదున్నట్టు రాసి టీచరు చేతిలో పెడితే, టీచరు దానికి నక్షత్రం వేసి తిరిగి ఇచ్చింది. యమునకు ఏడుపొచ్చింది, సిగ్గు కూడా వచ్చింది. ఎక్కువ వచ్చింది సిగ్గే.

అప్పుడు జయశ్రీ కొంగు విప్పింది. వేళ్ల కొనలు నల్లబడి, చర్మం చెక్కలాగా గట్టిపడి ఉంది. ఒక వేలికి పాత కాలిన గాయం, ఇంకో వేలికి కొత్తది. "అన్నం వారుస్తుంటె కాలుతది, వాసనొస్తె తెలుస్తది నాకు," అంది. "గద్వాల దవాఖానకు పోయిన. నరాలు చచ్చినయన్నరు, గోలీలిచ్చిండ్రు. తక్కువ కాలే. పోయిన్నేడు క్రాసింగ్ల నేను పట్టుకున్న మొగ్గలు సగం రాలినయి. కీలం ఇరిగేది తెల్వకపాయె. ఆర్గనైజర్ శ్రవణ్ సారు వచ్చి, ఏమాయె జయశ్రీ, నీ చెయ్యి గింత మొరటుదయ్యిందేంది అన్నడు. ఏం చెప్పాలె? క్రాసింగ్ చేసే చేతులు లేని ఇంటికి సీడు ఎవరిస్తరు?"

"నా చూపు ఆనదు," అంది సుభద్రమ్మ, తనకూ ఇందులో పాపముందన్నట్టు. "వానిది మందు కొట్టే చెయ్యి, మొగ్గ పట్టుకుంటె నుజ్జు చేస్తడు."

"మేం పిలువలే టీచరమ్మా," అంది జయశ్రీ. "మీరు ఆ ఆట ఇచ్చిన తెల్లారి, అదే నా ఎనక చేనుకు వచ్చింది. అమ్మా, నువ్వు ఊకెనే నిలబడు, నేను పట్టుకుంట అన్నది. నన్ను ఎవ్వరు ఏం అనొద్దని. నేను ఒద్దని కొట్టిన. మళ్ల తెల్లారి వచ్చింది."

అమూల్య కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ నిలబడింది. ఏదో నేరం ఒప్పుకోబోతున్నదానిలాగా ఉంది. యమున దగ్గరికి తీసుకుందామని చెయ్యి చాచింది గానీ, పిల్ల రాలేదు.

ఆ సమయానికి వాకిట్లో మోటార్ సైకిల్ ఆగింది. ఆర్గనైజర్ శ్రవణ్ కుమార్. కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే మనిషి. విత్తనం తెచ్చిచ్చేదీ, పండింది తూకం వేయించేదీ, రెండు వైపులా తిట్లు తినేదీ అతనే. యమునను చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత, వెతుక్కోబోయిన మనిషి ఎదురుపడినట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

"మంచిగైంది మేడం, మీరు ఈడనే ఉన్నరు. గోవిందన్నా, ఒక దారి దొరికింది." అరుగు మీద కూర్చుని గొంతు తగ్గించాడు. "రేపు పది గంటలకు కంపెనీ నుంచి మేడం వస్తది. పిల్ల చేతుల ఒక మొగ్గ పెడ్తది. పిల్లకు విప్పరాకపోతె, ఫొటోల పూలు బడిల టీచర్ విప్పి చూపెట్టినయి అని రాసుకుంటరు. దానికి టీచర్ మేడం సంతకం కావాలె. చేను మళ్ల మీదే."

"పిల్లకు విప్ప వస్తె?" అంది సుభద్రమ్మ.

"చెట్లు పీకిపిస్తరు అవ్వా. నా కింద ముప్పై చేన్లున్నయి, అన్నింటిని మళ్ల తిరగేస్తరు." చెమట తుడుచుకున్నాడు. "నేను చెడ్డోణ్ణి కాను మేడం. నాకు గూడ ఆడపిల్లలున్నరు. మీకు తోచింది చెయ్యిండ్రి."

అతను వెళ్లిపోయాక ఎవరూ యమున వైపు చూడలేదు, అయినా అందరూ ఆమె కోసమే ఎదురుచూస్తున్నారు. ఆలోచించిన కొద్దీ ఆమెకు దారి మూసుకుపోతోంది. నిజం చెబితే సోమవారం ఈ పిల్ల బండెక్కి బెంగుళూరు పోతుంది, ఇటుకలు అందిస్తుంది. అబద్ధం రాస్తే బడికి వస్తుంది, చేనుకూ పోతుంది. రెండింటిలో ఏది పిల్లకు మంచిదో చెప్పే పుస్తకం ఆమె చదివిన బి.ఎడ్.లో లేదు.

"నేను సంతకం చేస్త," అంది. "కానీ ఒక్క మాట. ఇంక అమూల్య చేనుల కాలు పెట్టొద్దు. ఒట్టు పెట్టుండ్రి."

"మరి మొగ్గలెవరు విప్పుతరు?" అన్నాడు గోవిందు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

"సాయంత్రం బడి అయినంక నేనొస్త. నేర్చుకుంట."

ఇంత దుఃఖంలోనూ సుభద్రమ్మకు నవ్వొచ్చింది. "నువ్వా బిడ్డా? మొగ్గ గీరనీకి గోరన్న లేదు నీకు. నువ్వు నేర్చుకునేలోపల పత్తి పగిలి గాలికి పోతది." ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. గోవిందు ఒట్టు పెట్టాడు గానీ, భార్య చేతుల వైపు చూస్తూ పెట్టాడు. ఆ ఒట్టు ఎట్లా నిలబెట్టుకోవాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

గోవిందు చేనుకు పోయి గుడ్డలో ఇరవై మొగ్గలు కోసుకొచ్చాడు. వాకిట్లో చాప పరిచి, టీచరు, విద్యార్థి ఎదురెదురుగా కూర్చున్నారు. ఇన్నాళ్లూ పిల్లలకు ఏదో ఒకటి రప్పించడానికే యమున జీతం తీసుకుంది. ఇవాళ వచ్చిన విద్యను రాకుండా చెయ్యాలి.

"చెప్పు నాన్నా, రేపు ఆమె మొగ్గ ఇస్తది. నువ్వేం చేస్తవ్?"

"తెల్వదంట."

"నోటితోని కాదు. చేతితోని."

అమూల్య మొగ్గ అందుకుంది. అంతే, మిగతాది చెయ్యే చేసేసింది. ఎడమచేతి రెండు వేళ్ల మధ్య మొగ్గ కుదురుకుంది, కుడి బొటనవేలి గోరు అడుగున చుట్టూ ఒక గీత గీసింది, చిన్న మెలిక. రేకులూ కేసరాలూ టోపీలాగా ఒక్కసారే ఊడి వచ్చాయి. తెల్లటి కీలం నిలబడింది. పది లెక్కపెట్టేంత సమయం కూడా పట్టలేదు. పిల్ల ఉలిక్కిపడి చూసుకుంది. "నేను చెయ్యలే టీచర్. అదే వచ్చింది."

రెండోది, మూడోది, అయిదోది. తప్పు చెయ్యమంటే చెయ్యి వినడం లేదు. ఆరోదాన్ని యమున "విరువు" అని గట్టిగా అంది. అమూల్య కళ్లు మూసుకుని కీలం తుంచేసింది. తుంచి, దాన్ని చూసి ఏడుపు మొదలుపెట్టింది. "పిందె చచ్చిపోతది టీచర్. రేపు రాలిపోతది." కోసిన మొగ్గకు రేపన్నది లేదని ఆమెకు చెప్పడానికి యమునకు నోరు రాలేదు.

గోరు సంగతి యమునకు అప్పుడు తట్టింది. కుడి బొటనవేలి గోరు ఒక్కటే పొడవు. పోయిన నెల 'మన శుభ్రత' అని గోళ్లు చూసినప్పుడు, దీన్ని తియ్యలేదని అమూల్య చేతి మీద స్కేలుతో ఒక్కటి వేసింది. బ్లేడు అడిగి తీసుకుని, ఆ వేలు తన ఒళ్లో పెట్టుకుని, యమున నెమ్మదిగా గోరు తీసింది. అమూల్య ఊపిరి బిగబట్టి చూసింది.

"తెల్వనోళ్లు ఎట్ల పట్టుకుంటరు టీచర్?" అని అడిగింది తర్వాత.

యమున ఒక మొగ్గ తీసుకుంది. "నన్ను చూడు. నాకు రాదు. నేను ఎట్ల చేస్తనో మంచిగ చూసి, గట్లనే చెయ్యి."

మొగ్గను పిడికిట్లో పట్టుకుంది. పైనుంచి రేకులు లాగింది. రేకు చిరిగింది, కేసరాలు చీరంతా రాలాయి, పుప్పొడి ముక్కుకు అంటింది. అమూల్య రెప్ప వెయ్యకుండా చూసింది. మధ్యలో ఒకసారి ఆగలేక "గట్ల కాదు టీచర్, కింది నుంచి..." అంది. వెంటనే నాలుక కరుచుకుంది. గోడకానుకుని ఇదంతా చూస్తున్న జయశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తెలివైన పిల్ల. పన్నెండో మొగ్గకల్లా టీచరు చేతగానితనమంతా నేర్చుకుంది. పిడికిట్లో పట్టుకోవడం, పైనుంచి లాగడం, రేకు చిరిగినప్పుడు తెల్లబోయి చూడటం, చివరికి పుప్పొడి ముక్కుకు పూసుకోవడం కూడా. ఇంత బాగా ఏ పాఠమూ ఎవరూ నేర్చుకోలేదు. యమున గద్వాల చివరి బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, దిగేదాకా ఏడ్చింది. కండక్టర్ టికెట్ అడగడానికి రెండుసార్లు వచ్చి వెళ్లాడు.

ఆదివారం పది కాకముందే కారు వచ్చింది.

కంపెనీ మేడం యాభై దాటిన మనిషి. అరవలేదు, బెదిరించలేదు. సుభద్రమ్మ ఇచ్చిన చాయ్ తాగింది, ఇల్లు చల్లగా ఉందంది. శ్రవణ్ కుమార్ కాగితం అందించాడు. 'ఫొటోలోని పూలను నేనే విప్పి అంటించాను. విద్యార్థిని అమూల్యకు ఈ పని తెలియదు.' యమున సంతకం చేస్తుంటే అమూల్య పక్కనే నిలబడి, పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఇంటి సైన్స్‌లో ఆ పిల్లకు వచ్చిన పెద్ద మెప్పు ఆ ఫొటో. దాన్ని టీచరు తన పేరు మీద రాసుకుంది.

"రామ్మా," అని మేడం పిలిచి, సంచిలోంచి ఒక మొగ్గ తీసి అమూల్య చేతిలో పెట్టింది. "దీన్ని విప్పు చూద్దాం."

అమూల్య దాన్ని పిడికిట్లో పట్టుకుంది. పైనుంచి లాగింది. రేకు చిరిగింది. కేసరాలు గౌను మీద రాలాయి. పిల్ల తెల్లబోయి మేడం మొహంలోకి చూసి, "రాదు మేడం," అంది. పుప్పొడి ముక్కుకు పూసుకోవడం మాత్రం మరిచిపోయింది. అయినా సరిపోయింది.

మేడం ఆ చిన్న చెయ్యి తిప్పి గోళ్లు చూసింది. కాసేపు పట్టుకుని, వదిలేసింది. "సరే," అంది. గోవిందు గుండెల మీద నుంచి బండ దిగినట్టు గోడకు చేరగిలబడ్డాడు. శ్రవణ్ కుమార్ అప్పుడే కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతున్నాడు.

"మీ చేను చూసే వచ్చాను," అంది మేడం, చాయ్ గ్లాసు కింద పెడుతూ. "ఆరు రోజుల కింద ఆపిన దాకా క్రాసింగ్ చాలా శుభ్రంగా ఉంది. పిందె రాలడం దాదాపు లేదు. ఇంత మంచి చెయ్యి నేను ఈ మండలంలో చూడలేదు. ఎవరు చేశారు?"

గోవిందు ఆలోచించలేదు. ఆలోచించే పని పూర్తయిందనుకున్నాడు. "నా భార్య మేడం. జయశ్రీ."

"అవునా! రామ్మా జయశ్రీ. ఒక్కటి విప్పి చూపించు. మిగతా ఊళ్లల్లో ఆడవాళ్లకు చూపించడానికి వీడియో తీసుకుంటాను."

నిన్న సాయంత్రమంతా ఒక పిల్లకు రానట్టు నేర్పారు గానీ, ఆ తల్లికి వచ్చినట్టు నేర్పాలన్న సంగతి ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. జయశ్రీ లేచింది. తప్పదు కాబట్టి లేచింది. మేడం ఆమె అరచేతిలో మొగ్గ పెట్టింది. జయశ్రీ దాన్ని కళ్లతో చూస్తూ వేళ్లు మూసింది. మరీ గట్టిగా మూసింది. నొక్కుడుకు మొగ్గ పక్క పగిలి, పచ్చటి రసం ఆమె మణికట్టు మీదికి కారుతోంది. అది ఆమెకు తెలియడం లేదు. అందరి మొహాలూ చూసి, బాగానే పట్టుకున్నానేమోననుకుని చిన్నగా నవ్వుతోంది.

ఫోన్ పైకెత్తిన మేడం చెయ్యి ఆగిపోయింది.

యమున అమూల్య భుజం కోసం చెయ్యి చాచింది. అప్పటికే పిల్ల అక్కడ లేదు. తల్లి పక్కకు పోయి, ఆ వేళ్లను ఒక్కొక్కటే జాగ్రత్తగా విప్పుతోంది.

"అమ్మా, నువ్వు ఊకెనే నిలబడు," అంది అమూల్య. "ఇటియ్యి. నేను పట్టుకుంట."